పిల్ల చెప్పిన మాట, కాగితం మీది మాట

(షోలాపూర్ యూనియన్ కార్యాలయంలో జరిగిన సభ్యుల సమావేశంలో కార్యదర్శి చేసిన ఉపన్యాస పాఠం)



ఈ హాలులో నేను లేచి నిలబడ్డానంటే బోనసు గురించో, పి.ఎఫ్. గురించో, మూతబడ్డ మిల్లుల బకాయిల గురించో మాట్లాడతానని మీరు అనుకుంటారు. ఈ రోజు అవన్నీ పక్కన పెడుతున్నాను. క్రిందటి నెలలో ఒక చెల్లెలు పాళీ దిగి నేరుగా ఆఫీసుకు వచ్చింది. అందరూ వెళ్ళిపోయేదాకా గోడ పక్కన కూర్చుంది. తరువాత అడిగింది: "అన్నా, చిన్నపిల్ల మాటను కోర్టు నమ్ముతదా? కింద కోర్టు నమ్మినా పైన అప్పీలుల నిలుస్తదా?" ఆ సంగతి చేరవలసిన చోటికి చేరింది. ఎవరి పిల్ల, ఏ చాళ అన్నది నేను చెప్పను, మీరు అడగవద్దు. అటువంటి పిల్ల పేరు, ఇల్లు, బడి బయటపెట్టడం చట్టరీత్యా శిక్షపడే నేరం. ఆమె అడిగిన ప్రశ్న మాత్రం మనందరిదీ. ఇంటి దగ్గర పిల్లలను వదిలి అటు కార్ఖానాకు మనం, ఇటు బీడీలకు ఆడవాళ్ళు పోయే బతుకులు మనవి.

నమ్ముతుంది. ఇది ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదు. 1872 నాటి సాక్ష్య చట్టం 118వ సెక్షన్‌లోనే ఉంది: అడిగిన ప్రశ్న అర్థం చేసుకుని, దానికి తగిన జవాబు చెప్పగలిగిన వారెవరైనా సాక్షి కావచ్చు. ఇన్నేళ్ళు నిండాలి అని చట్టం ఎక్కడా గీత గీయలేదు. 2024 జూలై 1 నుండి ఆ చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. అందులో అదే మాట 124వ సెక్షన్‌గా ఉంది. పన్నెండేళ్ళలోపు పిల్లకు ప్రమాణం అంటే ఏమిటో తెలియకపోయినా, నిజం చెప్పాలన్న సంగతి తెలిస్తే చాలునని 1969 నాటి ప్రమాణాల చట్టం అంటుంది. అందుకే జడ్జిగారు మొదట "నీ పేరేమిటి, ఏ బడికి పోతావు, అబద్ధం చెప్పడం మంచిదా చెడ్డదా" అని నాలుగు ప్రశ్నలు వేసి చూస్తారు. ఈ నాలుగు ప్రశ్నలు ఉత్త ముచ్చట కాదు. వాటిని, పిల్ల చెప్పిన జవాబులను రికార్డులో రాస్తారు. అప్పీలులో మొట్టమొదట తిరగేసే పేజీ అదే.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో రాజస్థాన్ నుండి ఎనిమిదేళ్ళ పిల్ల కేసు ఒకటి సుప్రీంకోర్టు దాకా పోయింది. మొదటి కోర్టు ముద్దాయికి శిక్ష వేసింది. అప్పీలు విన్న సెషన్సు జడ్జి, నేరం జరిగిందని మనసుకు నమ్మకం కలుగుతున్నదిగాని పిల్ల మాటకు వేరే ఆధారం లేదు కాబట్టి చట్టానికి చాలదని వదిలేశాడు. హైకోర్టు మళ్ళీ శిక్ష వేసింది. 1951 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ శిక్షను ఖాయం చేసింది. తీర్పు రాసినవారు జస్టిస్ వివియన్ బోస్. వేరే ఆధారం ఉండి తీరాలన్నది చట్టం కాదు, అది జడ్జి పాటించవలసిన జాగ్రత్త మాత్రమే అని ఆయన అన్నారు. ఆ జాగ్రత్తను మనసులో పెట్టుకుని, ఈ పిల్ల విషయంలో అది అవసరం లేదని జడ్జికి తోస్తే పిల్ల మాట ఒక్కటి చాలు. ఇంకొకటి కూడా అన్నారు. జరిగిన వెంటనే, ఇంకా పెద్ద జాగు కాకముందు, పిల్ల తల్లితో చెప్పిన మాట ఆ సాక్ష్యానికి బలమిచ్చే ఆధారంగా పనికివస్తుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

మరి చట్టం ఇంత స్పష్టంగా ఉంటే కేసులు పైకోర్టులో ఎందుకు పోతున్నాయి? అప్పీలు అంటే ఏమిటో మనవాళ్ళలో చాలామందికి తెలియదు. పైకోర్టులో మళ్ళీ విచారణ జరిగి, పిల్లను మళ్ళీ పిలుస్తారని అనుకుంటారు. అలా పిలవరు. ఫోల్డింగ్ ఖాతాలో బట్ట చూసేవాడికి సాంచా కనపడదు, నేసినవాడు కనపడడు, బట్ట మీద మచ్చ కనపడుతుంది. హైకోర్టు జడ్జి ముందు ఉండేది కాగితాల కట్ట. పిల్ల ఎలా నిలబడింది, ఎక్కడ గొంతు పూడుకుపోయింది, ఎవరి వైపు చూడలేక తల దించింది, ఇవి కింద కోర్టు జడ్జి కళ్ళారా చూస్తాడు. రాసిపెడితేనే పైకి పోతాయి, రాయకపోతే పోవు. కాబట్టి పిల్ల సాక్ష్యం అప్పీలులో నిలుస్తుందా లేదా అన్నది చాలా మట్టుకు మొదటి నాలుగు రోజుల్లో, మన చాళలో, పోలీసు ఠాణాలో, డాక్టరు గదిలో తేలిపోతుంది. ఆ నాలుగు రోజులు పిల్ల చుట్టూ ఉండేది మనమే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా దాచుకున్నాను.

2003లో నేను ఒక స్పిన్నింగ్ మిల్లులో రింగు ఫ్రేముల మీద పని చేస్తూ యూనియన్ కమిటీలో ఉన్నాను. మా పక్క చాళలో ఎనిమిదేళ్ళ పిల్ల. తల్లి బీడీలు చేసేది, తండ్రి మా పాళీలోనే. ఇంటి ఓనరు బంధువు ఒకడు, పిల్లలంతా కాకా అని పిలిచేవాళ్ళు. ఒక మధ్యాహ్నం జరగరానిది జరిగింది. సాయంత్రం తల్లి వచ్చి నన్ను పిలిచింది. పిల్ల తల్లి ఒడిలో ముఖం పెట్టుకుని తెలుగులో ఇలా చెప్పింది: "కాక గొళ్ళెం పెట్టిండు. రేడియో పెద్దగ పెట్టిండు. అవ్వా అని ఒర్లిన. నోరు మూసిండు, చెయ్యి తంబాకు వాసన వచ్చింది." ఇంకా రెండు మాటలు చెప్పింది. అవి ఇక్కడ చెప్పను.

నేను ఏం చేశాను? యాజమాన్యానికి వినతిపత్రాలు రాసే అలవాటు కదా, కాగితం కలం తీశాను. ఫిర్యాదు నేనే మరాఠీలో రాశాను. రేడియో సంగతి, తంబాకు వాసన సంగతి పిల్ల మాటలని తీసేశాను. వాటి బదులు పేపర్లలో చదివిన పెద్ద మాటలు పెట్టాను. అంతటితో ఆగలేదు. పిల్ల ఠాణాలో భయపడి తడబడుతుందేమోనని ఆ రాత్రి కూర్చోబెట్టి "మాఝ్యావర్ అత్యాచార్ కేలా" అన్న వాక్యం పది సార్లు చెప్పించాను. పిల్ల ఏడుస్తూనే నేర్చుకుంది. మేలు చేస్తున్నాననుకున్నాను. పోలీసు జమాదారు నా కాగితం చూసి సంతోషించి, పిల్ల వాంగ్మూలంలో కూడా అవే మాటలు దింపాడు. అతనికి పని తగ్గింది.

కోర్టులో పిల్ల ఆ వాక్యం అప్పజెప్పింది. ముద్దాయి తరఫు వకీలు నెమ్మదిగానే అడిగాడు, "అత్యాచార్ అంటే ఏమిటమ్మా?" పిల్ల తెలియదంది. "ఎవరు నేర్పారు?" అంటే "యూనియన్ మామ చెప్పుమన్నడు" అంది. నేను బయట వరండాలో కూర్చున్నాను, చాయ్ తాగుతూ. తరువాత జడ్జిగారు దగ్గరకు పిలిచి ఏం జరిగిందని అడిగితే పిల్ల తన మాటల్లో రేడియో సంగతి, తంబాకు వాసన సంగతి చెప్పింది. ఆ జడ్జి నమ్మాడు. శిక్ష వేశాడు. ఏడాది పాటు మేము గర్వంగా తిరిగాము.

2010లో అప్పీలులో శిక్ష కొట్టివేశారు. తీర్పు నకలు తెప్పించి వకీలుతో చదివించుకున్నాను. అందులో రెండే కారణాలు. ఒకటి, పిల్లకు మాటలు నేర్పినట్టు ఆమె నోటి నుండే వచ్చింది. రెండు, రేడియో, తంబాకు వాసన మొదటి ఫిర్యాదులో లేవు, పోలీసు వాంగ్మూలంలో లేవు, కోర్టులో మొదటిసారి వచ్చాయి కాబట్టి తరువాత అతికించినవి. పక్కింటి ముసలమ్మ ఒకామె ఆ మధ్యాహ్నం రేడియో మోత విన్నానని సాక్ష్యం చెప్పింది. ఆమె మాట కూడా కలిపి చెప్పినదే అన్నారు. పిల్ల మాటకు అంతకన్నా గట్టి ఆధారం ఉండేది కాదు, దాన్ని కొట్టేసింది నా కలం. ఆ జడ్జిల మీద నాకు చాలాకాలం కోపం ఉండేది. ఇప్పుడు లేదు. వాళ్ళ ముందున్న కాగితాన్ని బట్టి వాళ్ళు వేరేగా రాయడం కష్టం. ఆ తల్లి ఇప్పటికీ ఎదురైతే "అన్నా, బాగున్నవా" అంటుంది.

మన తెలుగువాళ్ళకు ఈ ఊళ్ళో ఇంకొక చిక్కు ఉంది. పిల్ల చెప్పేది తెలుగులో, అదీ మన ఇళ్ళలో మాట్లాడుకునే తెలంగాణ తెలుగులో. ఠాణాలో రాసేది మరాఠీలో. హైకోర్టులో చదివేది ఇంగ్లీషులో. మూడు చేతులు మారేసరికి "ఒర్లిన" అన్న మాట ఏమవుతుంది? అరిచింది అని రాస్తాడు ఒకడు, ఏడ్చింది అని రాస్తాడు ఇంకొకడు. వకీలు రెండూ పక్కపక్కన పెట్టి, చూడండి, మాట మార్చింది అంటాడు. పిల్ల మాట మార్చలేదు, భాష మారింది. దీనికి చట్టంలో మందు ఉంది. 2012 నవంబరు 14 నుండి అమలులోకి వచ్చిన పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్ల చెప్పినదాన్ని పిల్లకు అర్థమయ్యే సులువైన మాటల్లో రాయాలి. రాసే భాష పిల్లకు రాకపోతే దుబాసీని పెట్టాలి. కోర్టులో కూడా ఆ హక్కు ఉంది. అడిగితే వస్తుంది. మనం అడగం, మాకు మరాఠీ వచ్చుగదా అని పరువుకు పోతాం. తండ్రికి మరాఠీ వచ్చు సరే, భయంలో ఉన్న ఎనిమిదేళ్ళ పిల్లకు వచ్చేది తల్లి భాష.

ఇప్పుడు దీనికి ఎదురు కేసు చెబుతాను. ఇదీ రాజస్థాన్‌దే. 1986 మార్చిలో ఒక చిన్నపిల్ల రక్తంతో స్పృహ లేకుండా పడి ఉండగా ఒక మనిషి చూశాడు. కేసు నడిచింది. సాక్ష్యానికి పిలిస్తే పిల్ల ఒక్క మాట చెప్పలేదు. జడ్జి మళ్ళీ అడిగితే మౌనంగా కన్నీళ్ళు కార్చింది, అంతే. ఆ జడ్జి ఆ సంగతిని ఉన్నది ఉన్నట్టు రికార్డులో రాశాడు. డాక్టరు సాక్ష్యం, చూసిన మనిషి సాక్ష్యం బట్టి 1987లో ఏడేళ్ళ శిక్ష వేశాడు. అప్పీలు హైకోర్టులో ఇరవై ఐదేళ్ళకు పైగా మూలుగుతూ పడి ఉంది. 2013లో, పిల్ల ఏమీ చెప్పలేదు గనుక, ఆరు పేజీల తీర్పుతో ముద్దాయిని వదిలేశారు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. 2025 మార్చి 18న సుప్రీంకోర్టు ఆ విడుదలను రద్దు చేసి, నాలుగు వారాల్లో లొంగిపొమ్మంది. పెద్దవాళ్ళ మౌనాన్ని చూసినట్టు పిల్ల మౌనాన్ని చూడగూడదు, ఆ కన్నీళ్ళు ముద్దాయికి అనుకూలం కావు, మిగతా సాక్ష్యం నిలబడితే శిక్ష నిలబడుతుంది అన్నది తీర్పు సారం. హైకోర్టు తన తీర్పులో పిల్ల పేరు రాసినందుకు కూడా తప్పుపట్టింది. ముప్పై తొమ్మిదేళ్ళు పట్టింది. ఆలస్యానికి ఎవరు ఏ జవాబు చెప్పగలరు? కాని ఒక్కటి చూడండి. అన్నేళ్ళ తరువాత ఆ పిల్లను ఆదుకున్న వాటిలో 1987లో ఒక జడ్జి నిజాయితీగా రాసిన ఆ వాక్యం ఒకటి. పిల్ల ఏడ్చింది అని రాశాడు. ఏడ్వడం బాగుండదని తీసేయలేదు.

పంజాబు కేసు ఒకటి చూడండి. 1984లో పదో తరగతి పరీక్ష రాసి వస్తున్న ఆడపిల్లను కారులో ఎత్తుకుపోయారు. ఆ కారు ఏ కంపెనీదో పిల్ల సరిగా చెప్పలేకపోయిందని, మరునాడు పరీక్ష దగ్గర టీచర్లకు చెప్పలేదని, కేకలు వేయలేదని 1985లో కింద కోర్టు నమ్మలేదు. 1996 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగేసి శిక్ష వేసింది. పల్లెటూరి పిల్లకు ఫియట్‌కూ అంబాసిడర్‌కూ తేడా ఏం తెలుస్తుంది? మన ఇళ్ళలో ఎంతమందికి తెలుసు? చిన్న చిన్న తేడాలు నిజం చెప్పే మనిషిలోనే ఉంటాయి. అప్పజెప్పిన పాఠంలో ఉండవు.

ఆలస్యం గురించి కూడా అంతే. హిమాచల్ ప్రదేశ్‌లో తొమ్మిదేళ్ళ పిల్ల మీద సొంత బంధువే అఘాయిత్యం చేస్తే బయటపడేసరికి మూడేళ్ళు. హైకోర్టు వదిలేసింది, 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు మళ్ళీ శిక్ష వేసింది. ఇంటివాడే బెదిరిస్తే పిల్ల ఎవరికి చెబుతుంది?

ఇక్కడ కొందరు సోదరులు మనసులో అనుకుంటున్న మాట నాకు తెలుసు. కొళాయి దగ్గర తగాదా, చిట్టీ బాకీ, ఇల్లు ఖాళీ చేయించే గొడవ, వీటికోసం పిల్లను అడ్డం పెట్టి కేసు పెడితే? అలా జరగదని నేను అనను. ముద్దాయి బోనులో నిలబడేవాడు కూడా ఒకోసారి మన సాంచా మీద పని చేసేవాడే, వాడికీ పెళ్ళాం పిల్లలున్నారు. పోక్సో చట్టం 29వ సెక్షన్‌లో కోర్టు నేరాన్ని మొదటే ఊహించుకోవాలని ఉన్నమాట నిజం. అయినా కేసు పునాదిని ముందు ప్రభుత్వమే నిలబెట్టాలని కోర్టులు చెబుతూ వస్తున్నాయి. పిల్లలు పెద్దలు చెప్పినట్టు వింటారు, కాబట్టి వాళ్ళ సాక్ష్యాన్ని జాగ్రత్తగా జల్లెడ పట్టాలన్నది కూడా న్యాయమైన సూత్రమే. నేర్పినట్టు కనిపించిన భాగాన్ని తీసేసి, మిగిలింది నమ్మదగినదైతే దాన్ని తీసుకోవచ్చునని 2025 ఫిబ్రవరిలో ఒక హత్య కేసులో, ఏడేళ్ళ పిల్ల సాక్ష్యం మీద సుప్రీంకోర్టు చెప్పింది. నేను అర్థం చేసుకున్నది ఏమంటే, అబద్ధం నేర్పిన పిల్లా, నిజాన్నే బట్టీ పట్టించిన పిల్లా కాగితం మీద ఒక్కలాగే కనపడతారు. పై జడ్జి విడదీయలేడు. మనం నేర్పకపోతే నిజమైన పిల్లకు మేలు, అబద్ధపు కేసులో ఇరుక్కున్న మనిషికీ మేలు.

కనుక మన చాళల్లో ఇటువంటిది జరిగితే చుట్టుపక్కలవాళ్ళు గుంపుగా చేరి "ఏమైందే, చెప్పవే" అని పదిమంది పదిసార్లు అడగడం మానండి. పదోసారి చెప్పేది మొదటిసారి చెప్పిన దానిలా ఉండదు. తల్లికి చెబితే తల్లి వింటే చాలు. విన్న మాటలు, తెలుగులో, పిల్ల అన్నట్టే, తారీఖు, టైము వేసి ఎవరిచేతనైనా రాయించుకోండి. పనికిరాని మాట అని మీకు తోచినది ముఖ్యంగా రాయండి. బట్టలు ఉతకవద్దు, స్నానం చేయించవద్దు, అలాగే కాగితపు సంచిలో పెట్టండి. ఠాణాకు పోవడానికి భయమైతే 1098కి ఫోను చేయండి. పిల్ల ఠాణాకు రావలసిన అవసరం కూడా లేదు. వీలైనంతవరకు సబ్‌ఇన్‌స్పెక్టర్ స్థాయి ఆడ అధికారే, యూనిఫారం లేకుండా, ఇంటికి వచ్చి రాసుకోవాలని 24వ సెక్షన్. ఆడపిల్లను ఆడ డాక్టరే చూడాలి. ఒంటిమీద గాయం లేదని డాక్టరు రాసినంతమాత్రాన కేసు పోదు, దిగులుపడవద్దు. కోర్టులో వకీళ్ళు నేరుగా పిల్లను అడగగూడదు, జడ్జిగారి ద్వారా అడగాలి. ముద్దాయి పిల్ల కంటపడకుండా చూడాలి. తల్లిదండ్రులు పక్కన ఉండవచ్చు. పిల్ల అలసిపోతే విరామం ఇవ్వాలి. ఇవన్నీ హక్కులు, దయాభిక్షలు కావు.

వయసు కాగితం సంగతి వేరే చెప్పాలి. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు తోచిన తారీఖు వేస్తాడు, మనం తల ఊపుతాం. పదిహేను పదిహేడేళ్ళ పిల్లల కేసుల్లో అప్పీలు వకీలు పట్టుకునేది అక్కడే. కార్పొరేషన్ జనన పత్రం తెచ్చుకోండి, ఇవాళే.

పంచాయితీ గురించి ఒక్క మాట. కుల పెద్దలు కూర్చుని, పిల్ల పెళ్ళి కావద్దా అని చెప్పి, డబ్బు ఇప్పించి కాగితం మీద సంతకాలు చేయించిన సంగతులు నాకు తెలుసు, మీకు తెలుసు. ఆ పెద్దల్లో మన యూనియన్‌వాళ్ళు కూడా ఉన్నారు. ఇది రాజీపడదగిన నేరం కాదు. తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోతే చెప్పనివాడి మీదే కేసు. మన సభ్యుడెవరైనా అటువంటి రాజీ కూర్చోబెడితే కమిటీ ముందు పిలుస్తామని నిన్న తీర్మానం చేశాము.

కింద కోర్టులో ముద్దాయి విడుదలైతే అంతా అయిపోయిందనుకోవద్దు. 2009 డిసెంబరు 31 నుండి బాధితుల తరఫువాళ్ళు తామే అప్పీలు చేసుకునే హక్కు వచ్చింది. కొత్త చట్టంలోనూ ఉంది. మునుపు దానికి బొంబాయి రైలెక్కాలి, రెండు రోజుల కూలి పోయేది. 2025 ఆగస్టు 18 నుండి మన జిల్లా అప్పీళ్ళు కొల్హాపూర్ సర్క్యూట్ బెంచిలో నడుస్తున్నాయి. వకీలుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవా కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. ఆ దరఖాస్తు మన ఆఫీసులో నింపిపెడతాము. నింపడం వరకే. పిల్ల మాటల జోలికి మేము రాము.

మన ఆడవాళ్ళలో తెలుగు, మరాఠీ రెండూ చక్కగా రాయగలిగినవాళ్ళు నలుగురు కావాలి. ఠాణాలో, కోర్టులో దుబాసీగా కూర్చోవడానికి పేర్లు ఇస్తాము. ఒక్కటే షరతు. పిల్ల "ఒర్లిన" అంటే ఒర్లిన అనే చెప్పాలి, అర్థం అడిగితే అప్పుడు విడమర్చాలి, సొంతంగా ఒక్క మాట కలపగూడదు. పేర్లు ఆదివారం లోపల ఆఫీసులో రాయించండి. ఇంతకు ముందు అడిగిన చెల్లెలు తన పేరు మొదటే రాయించి వెళ్ళింది.